పొలం దాకా వినబడని ఇంగ్లిష్

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు, బడులు తెరిచిన రెండో వారంలో నాకు డిప్యుటేషన్ ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను చండ్రుగొండ మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుని, ఇంగ్లిష్ చెప్పేవాణ్ణి. ఉత్తర్వు సారాంశం ఇది: దుమ్ముగూడెం మండలంలోని ప్రాథమిక పాఠశాలల టీచర్లకు ఐదు రోజులు ఫోనిక్స్ నేర్పాలి, ఆ తర్వాత నెలకోసారి ఆ బడులకు వెళ్ళి, పాఠం ఎలా నడుస్తోందో చూసి నివేదిక ఇవ్వాలి. ఈ పని చేసేవాణ్ణి రిసోర్స్ పర్సన్ అంటారు. పెద్ద హోదా ఏమీ కాదు. జీతం పాతదే, ప్రయాణం మాత్రం కొత్తది.

ఉద్యోగంలో చేరకముందు కొన్నేళ్ళు ఒక దినపత్రికకు సత్తుపల్లి నుంచి వార్తలు పంపాను. అక్కడ అబ్బిన అలవాటు బడిలోనూ పోలేదు. ముందు చూడటం, తర్వాత అడగటం, చివరికి రాయటం. ఈ సంగతిలో ఆ వరుస పనికొచ్చింది.

ఫోనిక్స్ అంటే ఏమిటో రెండు మాటలు చెప్పాలి. తెలుగులో 'క' అనే అక్షరానికి పేరూ పలుకూ ఒకటే. అందుకే అక్షరం పేరు వేరు, దాని ధ్వని వేరు అన్న ఆలోచన మనకు రాదు. ఇంగ్లిష్‌లో అలా కాదు. 'సీ, ఏ, టీ' అని ఎంత వేగంగా అన్నా 'క్యాట్' రాదు, 'సీయేటీ' వస్తుంది. ఆ మూడు అక్షరాల పేర్లు పక్కన పెట్టి, వాటి ధ్వనులను ఒకదానికొకటి అతికిస్తే అప్పుడు మాట వస్తుంది. ఇరవై ఆరు అక్షరాలు నలభైకి పైగా ధ్వనులు మోస్తాయి కనుక అన్నీ ఒకేసారి చెప్పరు. అక్షరమాల వరుస కూడా పాటించరు. మొదట ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్. ఈ ఆరింటి ధ్వనులు వస్తే చాలు, సిట్, పిన్, ట్యాప్ లాంటి బుల్లి మాటలు మొదటి పక్షంలోనే పిల్లలు సొంతంగా చదవగలరు.

మాకు ఇచ్చిన మాడ్యూల్‌లో, అంటే శిక్షణ పుస్తకంలో, గట్టి నియమాలు ఉండేవి. దసరా దాకా అక్షరాల పేర్లు చెప్పకూడదు. పెద్ద ఏబీసీడీల జోలికి పోకూడదు, చిన్నవే నేర్పాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అందరిచేత ఒక్కసారిగా అనిపించకూడదు. పదిమంది కలిసి అరుస్తుంటే రాని పిల్లవాడు వచ్చినవాళ్ళ గొంతు వెనక దాక్కుంటాడు. అందుకని ఒక్కొక్కరితో, చిన్నగా పలికించాలి.

శిక్షణ మండల వనరుల కేంద్రంలో జరిగింది. వచ్చినవాళ్ళంతా ఎస్.జి.టి.లు, అంటే ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లు. మొదటి రోజు ఎస్ ధ్వని పలకమంటే, రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక మాస్టారు లేచి నిలబడ్డారు.

"ముప్పై ఏండ్లు ఏ బీ సీ డీ చెప్పిన నోరు సార్ ఇది. ఇప్పుడు నాగుపాము లెక్క బుస్సుమనమంటరా?"

అనండి సార్, పిల్లలు భయపడితే నాది పూచీ అన్నాను. ఆయన బుస్సుమన్నారు. హాలంతా చప్పట్లు.

అసలు చిక్కు రెండో రోజు వచ్చింది. టీచర్లు ధ్వనులను గుర్తుపెట్టుకోవడానికి తెలుగులో రాసుకున్నారు: బ, క, ట, గ. రాసుకున్నట్టే పలికారు. 'బ, ఇ, గ' కలిపితే 'బిగ' వచ్చింది కానీ 'బిగ్' రాలేదు. మన హల్లు ఎప్పుడూ ఒంటరిగా తిరగదు. కడుపులో ఒక 'అ' పెట్టుకునే తిరుగుతుంది. ఆ 'అ'ను తీసేయడానికి మన దగ్గరే మందు ఉంది. "పొల్లు పెట్టండి" అన్నాను. బ్, గ్, ట్. గడ్డం కింద చెయ్యి ఆనించి చూసుకోమన్నాను. అచ్చు వస్తే దవడ కిందికి జారుతుంది, పొల్లు పలికితే చెయ్యి కదలదు. పెదాల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుంటే ఇంకో తేడా తెలుస్తుంది. మన 'పలక'లోని ప కాగితాన్ని కదిలించదు. ఇంగ్లిష్‌వాళ్ళ 'పెన్' కాగితాన్ని ఎగరేస్తుంది. అదే 'స్పిన్' అన్నప్పుడు మళ్ళీ కదలదు. ఐదు రోజులు ఆ హాల్లో టీచర్లందరూ గడ్డాలు పట్టుకుని, కాగితాలు ఊదుతూ కూర్చున్నారు. టీ తెచ్చిన అబ్బాయి మాకు పంటినొప్పి శిబిరం పెట్టారనుకున్నాడట.

ఆ బృందంలో అందరికన్నా త్వరగా అందుకున్నది స్వరూప టీచర్. భద్రాచలంలో ఉంటూ, వాగు అవతల అడవి అంచున ఉన్న ఒక చిన్న గూడేనికి స్కూటీ మీద వెళ్ళేది. బడికి ఆమె ఒక్కతే టీచరు. పిల్లలందరూ కోయ ఇళ్ళవాళ్ళు. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. జూలైలో వెళ్ళి చూసినప్పుడు పాఠం ముచ్చటగా నడుస్తోంది. ఒక్కో పిల్ల వచ్చి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ధ్వని పలికి, వెళ్ళి కూర్చుంటోంది. బాగుందని రాసుకుని వచ్చాను.

ఆగస్టు చివర ఎం.ఈ.ఓ. గారు, అంటే మండల విద్యాధికారి, ఫోన్ చేశారు. ఆ గూడెం నుంచి ఫిర్యాదు వచ్చిందన్నారు. టీచరమ్మ ఇంగ్లిష్ చెప్పడం మానేసి పిల్లలతో ఊదిస్తోందని, బడి కమిటీ అధ్యక్షుడు కన్నయ్య స్వయంగా వచ్చి చెప్పాడట. "మీ పద్ధతి కదా, మీరే వెళ్ళి చూడండి" అన్నారు.

దుమ్ముగూడెం దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, చివర్లో చెప్పులు చేతపట్టుకుని వాగు. అవతలి గట్టు మీద కన్నయ్యే ఎదురయ్యాడు. నలభై ఏళ్ళ మనిషి, పత్తి వేస్తాడు, కొడుకు రెండో తరగతి. కోపంగా లేడు. బాధగా ఉన్నాడు.

"సారూ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. పోయినేడు దాక మా బడి మోగేది. ఇప్పుడు మోగుతలేదు."

మోగటమంటే ఏమిటని అడిగాను.

"గదే సారూ, ఏ ఫర్ యాపిల్, బీ ఫర్ బాల్ అని పిల్లలు ఒర్రుతుంటే ఆ పత్తి చేన్ల దాక ఇనొచ్చేది. మేము గుంటుక కాడున్నా, నాటు కాడున్నా, అవ్, బడి నడుస్తున్నది, టీచరమ్మ వచ్చింది అని తెలిసేది. ఇప్పుడేమో టైరుల గాలి దిగినట్టు స్స్ అంటుండ్రు. గది చదువా?"

ఆయన వెనకే నిలబడ్డ ఒక ముసలామె ఇంకో ఫిర్యాదు చేర్చింది. "దీపం పెట్టే యాళ ఇంట్ల కూసోని బుస్సు బుస్సు అంటడు నా మనుమడు. వద్దురా, నిజం పాము జవాబు చెప్తది అంటే ఇనడు."

నవ్వు వచ్చింది కానీ విషయం చిన్నది కాదు. గూడెంలో తల్లిదండ్రులు పొద్దున్నే పనికి వెళ్తారు. బడి గుమ్మం దగ్గర నిలబడి పాఠం చూసే తీరిక ఎవరికీ లేదు, చూసినా అందులో ఇంగ్లిష్ ఎంత ఉందో చెప్పగలిగినవాళ్ళు తక్కువ. వాళ్ళకు తెలిసిన కొలత ఒక్కటే, చెవి. మోత వినబడితే చదువు ఉన్నట్టు, వినబడకపోతే లేనట్టు. మేము హైదరాబాదు నుంచి గూడెం దాకా మోసుకొచ్చిన పద్ధతి సరిగ్గా ఆ మోతనే ఆపేసింది.

ఈ నిశ్శబ్దంలోకి ఒక వ్యాను వచ్చింది. రోడ్డు పక్కన కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు బడి వ్యాను. దాని డ్రైవరు వారం రోజులుగా గూడెంలో తిరుగుతూ, తమ బడిలో ఇంగ్లిష్ వాగు దాటి వినబడుతుందని చెబుతున్నాడట. సోమవారం నుంచి వాగు గట్టుకు వచ్చి పిల్లలను ఎక్కించుకుంటానన్నాడు. సగం ఇళ్ళు మొగ్గు చూపాయి. కన్నయ్య ఇంకా తేల్చుకోలేదు. ఆయన ఎటు పోతే మిగతావాళ్ళు అటే.

వ్యాను ఫీజు కట్టలేని ఇళ్ళు కూడా ఉన్నాయి. రాజమ్మ అలాంటి మనిషి. అడవిలో ఇప్పపువ్వు, తునికాకు ఏరుకుంటూ, కాలం కాని కాలంలో కూలికి వెళ్ళేది. ఆమె కూతురు సీత రెండో తరగతి. రాజమ్మ నాతో గొంతు తగ్గించి మాట్లాడింది.

"వాళ్ళంత వ్యానెక్కితే నలుగురి కోసం బడి ఉంచరు గద సారూ. దీన్ని మూసేసి, వాగు అవతలి బడిల కలుపుతరు. వాన కాలంల నా పిల్ల వాగెట్ల దాటాలె?"

ఆమె చెప్పింది నిజం. పిల్లలు తగ్గిన బడిని పక్క బడిలో కలపడం, టీచరును వేరేచోటికి పంపడం శాఖలో మామూలు పని. దానికి రేషనలైజేషన్ అని పేరు. కాగితం మీద అది ఒక వరుస మాత్రమే. సీతకు అది బడి మానెయ్యటం.

ఆ రోజు శుక్రవారం. స్వరూప ముఖం వాడిపోయి ఉంది. రేపు సాయంత్రం ఊరివాళ్ళను బడికి పిలుద్దాం, ఫోనిక్స్ అంటే ఏమిటో నేను వివరిస్తాను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మీరు వివరిస్తే ఇంకో సారు వచ్చి మాట్లాడి పోయిండు అనుకుంటరు సార్. మీరు కూసోండి. పిల్లలు మాట్లాడతరు. ఎవరింట్ల ఇంగ్లిష్ అక్షరం ఉన్న సామాను ఏది ఉన్నా తెమ్మని చెప్త. నేను ముందుగా చూడను, పిల్లలకు చూపియ్యను."

ప్రమాదకరమైన పద్ధతి. అయినా ఆమె బడి, ఆమె పిల్లలు. సరేనన్నాను.

శనివారం సాయంత్రం సన్నగా జల్లు పడుతోంది. పనుల నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే వరండాలో కూర్చున్నారు. ఒకరు ఎరువు సంచి తెచ్చారు, ఒకరు సబ్బు కాగితం, ఇంకొకరు టార్పాలిన్ పట్టా మడిచి నెత్తిన పెట్టుకుని వచ్చారు. మొదట ఎరువు సంచి. పిల్లలు దాని చుట్టూ చేరారు. వంగి చూశారు. ఒక్కరూ నోరు తెరవలేదు.

నాకు వెంటనే అర్థమైంది. సంచి మీద ఉన్నవన్నీ పెద్ద అక్షరాలు. పిల్లలకు వచ్చినవి చిన్న ఏబీసీడీలు. మాడ్యూల్ అలా చెప్పింది మరి. సబ్బు కాగితమూ అంతే, పట్టా మీద కంపెనీ పేరూ అంతే. లోకంలో అమ్మకానికి వచ్చే ప్రతి వస్తువూ పెద్ద అక్షరాల్లోనే అరుస్తుందన్న సంగతి ఆ పుస్తకం రాసినవాళ్ళకు తట్టినట్టు లేదు. వరండాలో గుసగుసలు మొదలయ్యాయి. వ్యాను అన్న మాట నా చెవిన పడింది. రాజమ్మ కూతురి వైపు చూసి, తల దించుకుంది.

స్వరూప సర్దిచెప్పే ప్రయత్నం చేయలేదు. "ఈ అక్షరాలు మేము ఇంకా నేర్వలేదు" అని ఉన్నమాట చెప్పి, సంచి పక్కన పెట్టింది.

అంతలో సీత లేచింది. నేరుగా వెళ్ళి కన్నయ్య ముందు నిలబడి ఆయన ఛాతీ వైపు చూడసాగింది. ఆయన వేసుకున్న టీ షర్టు మీద బొద్దుగా ఏదో రాసి ఉంది. చిన్న అక్షరాలు. సీత గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

"బ్... ఇ... గ్. బిగ్."

ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చి చేరారు. ఒకడు కన్నయ్య సొంత కొడుకు. వాడు నాన్న పొట్ట మీద వేలు పెట్టి రెండో మాట అందుకున్నాడు.

"బ్... య్యా... డ్. బ్యాడ్."

మూడోది ముగ్గురూ కలిసి అన్నారు. "డ్... ఒ... గ్. డాగ్!"

అర్థమేంటో చెప్పమని స్వరూప అడిగింది. సీత ముందు తన ఇంటి భాషలో చెప్పింది. ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు ఒక్కసారిగా పేలింది. నాకోసం తెలుగులో మళ్ళీ చెప్పింది, "పెద్ద చెడ్డ కుక్క."

కన్నయ్య తల వంచి తన చొక్కాను మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు. "రెండేండ్ల సంది ఏసుకుంటున్న సారూ. భద్రాచలంల నా ఇంటిది కొన్నది. తెలిసే కొన్నదా ఏంది?"

వెనక నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "తెలిస్తే ఇంకోటి కొందును."

ఆ తర్వాత సభ అనేది లేదు. పిల్లలు మనిషి నుంచి మనిషికి పరుగెత్తి, చొక్కాల మీద, సంచుల మీద చిన్న అక్షరం ఎక్కడుందా అని వెతికారు. చదవగలిగింది చదివారు, రానిది రాలేదన్నారు. ఒకాయన తన చొక్కా మీద బూతు గానీ ఉందేమోనని చేతులు కట్టుకుని కప్పేసుకున్నాడు. "చూడురి, చూడురి, దాస్తుండు" అని కుర్రకారు ఆయన చేతులు లాగారు. తీరా చూస్తే 'హ్యాపీ' అని ఉంది. రెండు 'ప్'లు ఎందుకున్నాయని ఒక పిల్ల అడిగింది. అది వచ్చే నెల పాఠం అంది స్వరూప.

ఇక్కడితో కథ సుఖాంతమని నేను అనుకున్నాను. కన్నయ్య అనుకోలేదు. నవ్వులు సద్దుమణిగాక లేచి నిలబడ్డాడు.

"చదివిండ్రు. కాదనను. కుక్కనంటే కుక్కనే, మంచిగనే కాపలా కాస్త. కానీ సారూ, రోజూ మేమందరం గిట్ల వచ్చి కూసుంటమా? చేన్ల ఉన్నోళ్ళకు ఎట్ల తెల్వాలె?"

వరండాలో తలలు ఊగాయి. ఆయన ప్రశ్న అదే, మొదటి నుంచీ. పిల్లలకు వచ్చిందా అని కాదు ఆయన అడుగుతున్నది. రోజూ వస్తోందని తనకు ఎలా తెలుస్తుందని. పిల్లవాణ్ణి నమ్మి వదిలిపెట్టే తండ్రికి అది అడిగే హక్కు ఉంది. మాడ్యూల్‌లో దానికి జవాబు లేదు.

స్వరూప నా వైపు చూసింది. "చదివేది ఒక్కొక్కళ్ళతోనే సార్, అది మార్చను. కానీ నేర్చుకున్నది ఊరికి వినిపియ్యనీకి పొద్దున కొంచెం సేపు అందరం కలిసి వరండాల నిలబడి గట్టిగ అంటే?"

"యాపిల్ కూడ ఉండాలె" అన్నాడు కన్నయ్య. అంటే అక్షరాల పేర్లు కూడా.

రెండూ నియమాలకు విరుద్ధం. రిసోర్స్ పర్సన్ పని నియమాలు నడిపించడమే. ఆలోచించాను. పిల్లలు విడివిడిగా చదవగలరని కళ్ళారా చూశాను కనుక, కలిసి అరవటం వల్ల దాక్కునేవాళ్ళు ఈ బడిలో లేరు. అక్షరాల పేర్లు దసరాకు బదులు ఇప్పుడే వస్తే, చదవటం వచ్చిన పిల్లవాడు ధ్వనులు మర్చిపోడు. సరేనని అక్కడే చెప్పాను. నివేదికలో, మాడ్యూల్‌కు భిన్నంగా అనుమతించడమైనది అని రాసి, కారణం రాసి, సంతకం చేశాను. ఎం.ఈ.ఓ. గారు అది చదివి, "మీ తప్పు మీరే రాసిస్తున్నారేమిటండీ?" అన్నారు. తప్పు కాదు సార్, మార్పు అన్నాను. ఆయన దాన్ని పైకి పంపారు.

సోమవారం సంగతి స్వరూప ఫోన్‌లో చెప్పింది. వ్యాను అన్నట్టే వచ్చి వాగు అవతల ఆగి హారన్ కొట్టింది. సరిగ్గా అదే సమయానికి పిల్లలు వరండాలో నిలబడి, చేల వైపు ముఖం పెట్టి, ధ్వనులూ మాటలూ గొంతు చించుకుని అందుకున్నారు. 'స్స్, సన్! ప్, పాట్! హ్, హెన్!' చివర్లో కన్నయ్య కోసం యాపిల్. హారన్ కొంతసేపు పోటీ పడిందట. రెండు ఇళ్ళ పిల్లలు వాగు దాటి వ్యాను ఎక్కారు. మిగతా ఇళ్ళ నుంచి ఎవరూ కదలలేదు. కన్నయ్య కొడుకు వరండాలో ముందు వరసలో ఉన్నాడు.

పత్తి తీసే రోజుల్లో ఒకసారి మళ్ళీ వెళ్ళాను. చేను గట్టు మీద నడుస్తుంటే వరస పట్టిన ఆడవాళ్ళు వంగిన నడుం ఎత్తకుండానే ఏదో అంటున్నారు. దగ్గరికి వెళ్ళి వింటే, హెన్, పెన్, టెన్. రాజమ్మ నన్ను చూసి ఆగింది. "రోజూ ఇనీ ఇనీ మాకు పట్టుకున్నది సారూ. నీ జీతంల మాకు వాటా ఇయ్యాలె." పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వారు. పలుకు తప్పులేమీ లేవు. పొల్లు దగ్గర పొల్లు ఉంది.

ఆ బడి మూతపడలేదు. సీత ఐదు దాకా అక్కడే చదివి, పరీక్ష రాసి గురుకులంలో చేరింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను చాలా మండలాల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చాను. ధ్వనుల గురించి చెప్పేది ఏమీ మార్చలేదు. మొదటి రోజు మొదటి గంట మాత్రం మార్చాను. పుస్తకం తెరవకముందు ప్రతి టీచరునూ అడిగేవాణ్ణి: మీ బడి నడుస్తోందని మీ ఊరివాళ్ళు దేన్ని బట్టి నమ్ముతారు? ఒకరు ఇంటికిచ్చే రాతపని అన్నారు. ఒకరు తాను దిగే బస్సు అన్నారు. పిల్లల చేతికి అంటిన సుద్ద అన్నదొకామె. చాలామంది ఆలోచించి, తెలియదన్నారు. తెలియనివాళ్ళను ముందు ఊళ్ళోకి వెళ్ళి కనుక్కుని రమ్మనేవాణ్ణి. కొత్త పద్ధతి పెట్టేటప్పుడు పిల్లలకు ఏం మొదలవుతుందో మేము బాగానే రాసుకుంటాం. ఊరికి ఏం ఆగిపోతుందో కూడా రాసుకోవాలి. దుమ్ముగూడెంలో ఫోనిక్స్ నిలబడింది అది బాగున్నందుకు మాత్రమే కాదు, చేలో ఉన్నవాళ్ళకు వినబడినందుకు.